జానెడు ఎరుపు

చింతామణి నుంచి కైవారం వెళ్లే దారిలో ఉంది మా వృద్ధాశ్రమం. 2007లో, వానలు వెనకబట్టాక, దానికి లోపల రంగులు వేయించాలనుకున్నారు. ఎంచే పని నాకు అప్పగించారు. బాగేపల్లి బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఏ పనైనా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకుంటానని అందరికీ తెలుసు. రేపు తప్పు జరిగితే ఎవరిదో తేల్చడం సులువని కూడా అనుకుని ఉంటారు.

భోజనశాల గోడ మీద మేస్త్రి చేత ఎనిమిది రంగులు పూయించాను, ఒక్కొక్కటి అడుగు పొడవు, అడుగు వెడల్పు. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం అయిదుకు, అలా మూడు రోజులు చూశాను. ఒకే రంగు మూడు పూటలా మూడు రకాలుగా ఉంటుందని నాకు అరవై ఎనిమిదో ఏట తెలిసింది. పొద్దున మునగ చిగురులా ఉన్న ఆకుపచ్చ సాయంత్రానికి పాచిలా అయ్యేది. ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని, ఇన్నేళ్లు నేను దేన్ని చూశానా అని కూర్చున్నాను. మీగడ రంగు ఒక్కటే పెద్దగా మారలేదు. గోడలకూ తలుపులకూ అదే అని రాసుకుని, తక్కినవాళ్లను పిలిచి అడిగాను.

"నీలం వేయించమ్మా. ఖాకీ చూసి చూసి కండ్లు కాయలు కాసినాయి" అన్నాడు బస్సు కండక్టరుగా పనిచేసి దిగిన పెద్దాయన.

"నీలమేస్తే నువ్వు లేస్తావా అప్పా? ఇంకా తెల్లారలేదని పండుకునే ఉంటావు" అంది వంటామె.

చివరగా మా గదుల వరసలోనే ఉండే ఆమెను తీసుకొచ్చాను. కైవారం పక్క పల్లెలో సేద్యం చేసిన ఇంటి మనిషి. నాకన్నా ఆరేళ్లు పెద్ద, అక్కా అనేదాన్ని. కంటి నరం ఎండిపోతోందనీ, ఆపరేషనుతో బాగయ్యేది కాదనీ డాక్టరు చెప్పాడు. ఆ నెలలో మూడుసార్లు వేరేవాళ్ల గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది. మూడోసారి మేనేజరు గట్టిగా చెప్పాడు, ఇంకోసారి ఇలా అయితే నర్సు పక్కనున్న నాలుగు మంచాల గదికి మార్చేస్తానని. అక్క గది కిటికీ తూర్పుకు ఉంది. పొద్దున ఎండ ముఖాన పడేలా ఆమె రోజూ అక్కడ కూర్చుంటుంది. నాలుగు మంచాల గదిలోకి ఎండ రాదు.

"నాకు బాగా తెలిసేది ఆ ఎండొకటే. దాన్నీ తీసుకుంటారా?" అని నన్నడిగింది.

గోడ మీది రంగుల ముందు నిలబెడితే, "ఎనిమిదీ దుమ్మే, టీచరమ్మా" అంది. తరవాత వంగింది. "కింద ఎర్రగా ఏముండాది?"

కిటికీ కమ్ములకు వేసే ఎర్ర రంగు గోడవార ఒలికి ఉంది. ఎనిమిది రంగులు ఆనని కంటికి అది ఆనింది.

"మా ఇండ్లల్లో సున్నం గోడకు అడుగున ఎర్రమన్ను పట్టె తీస్తాము. పట్టె యాడ పైకి లేచి వాకిలి చుట్టు తిరిగితే ఆడ మనిషి కాపురముండే గది. ఎవురూ చెప్పే పని లేదు" అంది అక్క.

మీగడ రంగు కింద ఎర్ర పట్టె అని రాసుకున్నాను. దారం కట్టి గీత కొట్టాలి, రెండు దినాలు పడుతుందన్నాడు మేస్త్రి.

"దారం దేనికప్పా? చెయ్యి ఉండాది కదా" అని అక్క నేల మీద కూర్చుంది. చిటికెనవేలు నేలకు ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సుద్దముక్క పట్టి, పక్కకు జరుగుతూ పోయింది. గోడ వైపు చూడను కూడా లేదు. పన్నెండడుగుల గీత అయ్యాక నేను స్కేలు తెచ్చి తొమ్మిది చోట్ల పెట్టాను. ఎనిమిది చోట్ల సరిగ్గా ఆరంగుళాలు. తొమ్మిదో చోట నేల కొద్దిగా కుంగి ఉంది, గీత కూడా అంతే కుంగింది. స్కేలు ఆమె ముందు పట్టుకోవడానికి సిగ్గేసి వెనక దాచుకున్నాను.

మేస్త్రికి జాబితా రాసిచ్చాను: మా వరసలో తలుపులు ఆరు, పట్టె ఆరింటి చుట్టూ తిరగాలి, అక్కది ఆరోది. రంగు ఆరాక మేనేజరు వచ్చి భోజనశాల గడపలో నిలబడ్డాడు.

"ఎవరూ చేయి పట్టుకోవద్దు. ఒక్కతే తన గదికి పోనీండి. తప్పితే ఈ రోజే మార్చేస్తాను" అన్నాడు.

"పోతానప్పా. నాది అయిదో వాకిలి" అని అక్క కదిలింది.

అప్పుడు నాకు తప్పు తెలిసింది. మూడో గది తరవాత ఉన్నది స్టోరు. మనిషి ఉండే గదికే పట్టె తిరుగుతుందని ఆమె చెప్పింది. నేను తలుపులు లెక్కపెట్టాను. మేస్త్రి నా జాబితా ప్రకారం స్టోరు చుట్టూ కూడా ఎరుపు వేశాడు. ఆమె అయిదు లెక్కపెడితే కండక్టరు పెద్దాయన మంచం మీదికి చేరుతుంది.

"అక్కా..." అన్నాను.

"మీరు చెప్పకూడదు మేడం" అన్నాడు మేనేజరు.

ఒకటి, రెండు, మూడు. ఎరుపు పైకి లేచిన చోటల్లా ఆగి, పాదంతో గడప తడిమి ముందుకు నడిచింది. నాలుగో ఎరుపు దగ్గర పాదం అటూ ఇటూ జరిపింది. గ్యాసు సిలిండర్లు దొర్లించడానికి స్టోరు గడప ఎప్పుడో తీసేశారు.

"ఇది వాకిలి కాదు" అని తనలో తాను అనుకుని సాగిపోయింది. కండక్టరు పెద్దాయన తన గది గడప లోపల నిలబడి ఉన్నాడు. ఆయన్ని దాటి, తరవాతి గడప తొక్కి లోపలికి వెళ్లింది. కిటికీ పక్క కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.

"టీచరమ్మా, నీ లెక్కలో ఒకటి ఎక్కువుండాది" అంది లోపలి నుంచి.

మేనేజరు చేతిలో పట్టుకొచ్చిన నాలుగు మంచాల గది తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. నేను నోటుబుక్కులో ఆరు కొట్టేసి అయిదు రాశాను. మరుసటి రోజు స్టోరు తలుపు చుట్టూ ఉన్న ఎరుపు మీద మీగడ రంగు రెండు పూతలు వేయించాను. అప్పటికీ ఎరుపు తొంగి చూస్తుంటే మూడోదీ వేయించాను.