మూలమట్టం మేస్త్రి వంచిన పలక

ఆయన్ని అందరూ మూలమట్టం మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్లుగా తలుపులూ కిటికీలూ చేస్తున్న వడ్రంగి. షెడ్డులోకి వచ్చిన ప్రతి చెక్కనూ కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తాడు. వెంట్రుకవాసి వంకర కనబడినా అది మూలకు పోవాల్సిందే. బజారులో చీపురు కొన్నా ఒక కన్ను మూసే కొంటాడని భార్య నవ్వుతుంది.

ఆయనకు ఒక్కతే అక్క. లాండ్రీలో నిలబడి నిలబడి మోకాలు పాడుచేసుకుంది. ఆపరేషన్ అయ్యేదాకా వారం వారం సముద్రంలో ఈదిన మనిషి, రెండేళ్లుగా ఒడ్డున కూర్చుని చూస్తోంది. ఒకరోజు ఎవరో పొట్టి పలకల మీద బోర్లా పడుకుని అలలతో పాటు ఒడ్డుకు జారిరావడం చూసి తమ్ముడి దగ్గరకు వచ్చింది.

"నిలబడక్కర్లేదురా. పొట్ట ఆనించి పడుకుంటే చాలు. నాకొకటి చేసిపెట్టు."

మేస్త్రి మూడు రోజులు అదే పనిలో మునిగాడు. ఛాతీ ఎత్తు ప్లైవుడ్ పలక కోసి, ముందు భాగం గుండ్రం చేసి, అంచులు నున్నగా రుద్ది, మూడు పూతలు వార్నిష్ వేశాడు. చదును చూసే మూలమట్టం ఆనిస్తే కింద వెలుగు గీత కూడా దూరలేదు. అంత చదును.

అక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పలకను వేళ్లతో తట్టి చూశాడు. "అద్భుతం బామ్మర్దీ. గొళ్లెం బిగించడం మరిచిపోయినట్టున్నావ్."

ఆ ఆదివారం అక్క తన మొగుడి భుజం పట్టుకుని నడుం లోతు నీళ్లలోకి దిగి, పలక మీద బోర్లా పడుకుంది. అల వచ్చింది. పలక ముందు కొస పారలా నీళ్లలోకి గుచ్చుకుని, వెనక భాగం గాల్లోకి లేచింది. అక్క పల్టీకొట్టి నోటినిండా ఇసుకతో తేలింది.

"తలుపు తెరుచుకుందర్రోయ్!" అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. మోకాలు పట్టుకుని ఒడ్డున కూలబడింది. "ఇంకొక్కసారి చూస్తానురా. అప్పుడూ ఇంతే అయితే ఇక నన్ను ఎప్పుడూ నీళ్లలోకి పిలవొద్దు."

ఆ మాట మేస్త్రికి అన్నం సహించనివ్వలేదు. తప్పు ఎక్కడుందో తెలుసు. పలక ముందు కొస గడ్డంలా కాస్త పైకెత్తి ఉండాలి. కానీ వంచడం ఎలా? ఇన్నేళ్లూ ఆయన చేతులు నేర్చుకున్నదంతా వంకర తియ్యడమే. పలుచటి పలక ఒకటి బిగించి బలంగా నొక్కాడు. ఫట్‌మని విరిగింది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. అక్కడ వేణ్నీళ్ల డ్రమ్ము మీద మూతగా ఒక పాత ప్లైవుడ్ ముక్క, అది ఎగరకుండా నడుమ ఒక రాయి. ముక్క రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. సరిచేద్దామని ఇప్పటికి మూడుసార్లు తిట్టుకుంటూ తిరగేశాడు దాన్ని. ఈసారి తిరగెయ్యలేదు. రాయి తీసి, ముక్కను కంటి ఎత్తుకు లేపి ఒక కన్ను మూశాడు. ఎక్కడా చిట్లకుండా ఎంత చక్కగా వంగింది! కింద ఆవిరి, పైన బరువు, మధ్యలో ఓపిక. అంతే.

కొత్తగా ఇంకో పలక కోసి, దాని ముందు కొసను జానెడు మేర మరిగే నీళ్లలో ముంచి ఉంచాడు. మెత్తబడ్డాక తీసి, కొస కింద ఏటవాలు చెక్కముక్క పెట్టి క్లాంపులు బిగించాడు. రెండు రోజులు ముట్టుకోలేదు.

"ఒకసారి విప్పి చూడకూడదూ?" అంది భార్య.

"చెక్కకే లేదు తొందర, నీకెందుకే?"

విప్పాక వంపు కాస్త వెనక్కు పోయినా, రెండు వేళ్ల ఎత్తు నిలిచింది. అలవాటుకొద్దీ మూలమట్టం ఆనించాడు. కింద నుంచి బోలెడు వెలుగు. తనలో తనే నవ్వుకున్నాడు.

మళ్లీ ఆదివారం ఆయనే నీళ్లలో నిలబడి పలక పట్టుకున్నాడు. "అక్కా, ముందుకు జరగకు. గట్టిగా పట్టుకో."

అల వచ్చింది. పలక ముక్కు నీటి మీదికి ఎక్కింది. అక్క ఆయన చేతుల్లోంచి జారి, నురగతో పాటు నేరుగా ఇసుక దాకా వెళ్లిపోయింది. అక్కడే పడి ఉంది, లేవలేదు.  మేస్త్రి నీళ్లు తన్నుకుంటూ పరుగెత్తాడు.

"అక్కా! మోకాలా?"

"మోకాలు కాదురా సన్నాసీ! నవ్వాగక లేవలేకపోతున్నా. పట్టు, లేపు. మళ్లీ వెళ్లాలి."

ఆరుసార్లు వెళ్లింది. ఏడోసారికి బావ చొక్కా విప్పి దగ్గరకు వచ్చాడు. "బామ్మర్దీ, నా పొట్టకి సరిపడేది దొరుకుతుందా?"

మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు. "సింహద్వారం సైజు పడుతుంది బావా. ముందు ఆ బిగబట్టిన ఊపిరి వదులు, కొలత తప్పొస్తుంది."