అత్తరు పూసిన శాలువా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తిరుపతిలో మా పిల్లల వార్డు మొత్తానికి తెలుసు. నిజం చెప్పాలంటే అందులో సగం భయమే. భయమేస్తే నేను అరుస్తాను. ఆ పిల్లవాడి విషయంలో ఎంత అరిచానో!

చిత్తూరులో బట్టల కొట్టు నడిపే ముస్లిం కుటుంబం వాళ్ళది. వాడికి నాలుగేళ్ళు. కళ్ళు పచ్చగా ఉన్నాయి, పెదవులు పాలిపోయాయి, మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. కామెర్లనుకుని పసరు పోయించారట. తగ్గకపోయేసరికి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. వాడి మేనమామకూ చిన్నప్పుడు ఇలాగే అయిందని తల్లి చెప్పగానే నా అనుమానం గట్టిపడింది. పరీక్షలోనూ అదే తేలింది. పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ. పడనిదేదైనా తగిలితే చాలు, ఒంట్లో ఎర్రకణాలు పగిలిపోతాయి.

రక్తం ఎక్కించాం. ఏం మాత్రలు మింగించారు, ఏం తినిపించారు అని ఇంటిల్లిపాదినీ నిలదీశాను. పసరు తప్ప ఇంకేమీ లేదన్నారు. అదీ మానేశారు. అయినా తేరుకోవాల్సిన పిల్లవాడు మళ్ళీ వాడిపోయాడు. మూత్రం ఇంకా నల్లబడింది. మందు లేని జబ్బు ఇది. ఆ పడనిదేదో కనిపెట్టి తప్పించాలి, అంతే. అదేమో దొరకడం లేదు. దేవుడా, వీడు నా కళ్ళముందే పోతాడా అనిపించింది.

స్టెతస్కోపు పెట్టడానికి వంగాను. మంచం పక్కన వాడి నాయనమ్మ. వార్డు చలికి వాడికి మెడదాకా శాలువా కప్పి ఉంది. గుప్పున అత్తరు. ఆ అత్తరు కింద ఇంకేదో వాసన.

"అవ్వా, ఈ శాలువా యాడిది?"

"మా ముసలాయనది డాక్టరమ్మా. ఆయన పోయినాక పురుగు పట్టకుండా కలరా ఉండలేసి పెట్టెలో దాచినాను. మొన్న పిల్లోడికి బిస్మిల్లా చదివించినాము గదా, తొలి అక్షరం. ఆ దినం తాత శాలువా కప్పాల, మా ఇంటి పద్ధతి. వాసన కొడతా ఉండాదని అత్తరు పూసినాను. తాత కాపాడతాడని ఈడా కప్పినాను."

"తీసెయ్యండి! ముందు దాన్ని బయట పడేయండి!"

వార్డంతా ఉలిక్కిపడింది. పిల్లవాడి ఒళ్ళు తుడిపించి, పక్కబట్టలన్నీ మార్పించాను. ఆ ఉండల వాసనే వాడి రక్తాన్ని విరిచేస్తోందని అప్పుడు చెప్పాను. ఆమె తన అరచేతులు వాసన చూసుకుంది.

మర్నాటికి మూత్రం రంగు తేలింది. ఆ తర్వాత ఒంట్లో రక్తం తగ్గిపోవడం ఆగింది. "గండం గడిచింది" అన్నాను. తల్లి భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది, తల తిప్పుకున్నాను.

నాయనమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. స్నానం చేసి, కోడలి చీర కట్టుకుంది. పిల్లవాడు "దాదీ" అని చేతులు చాచాడు. ఆమె కదల్లేదు. నా దగ్గరికొచ్చి రెండు అరచేతులూ నా ముక్కు దాకా ఎత్తింది.

"సూడు డాక్టరమ్మా, వాసన పోయిందా?"

సబ్బు వాసన తప్ప మరేమీ లేదు. "పోయింది అవ్వా, ఎత్తుకో" అన్నాను.

అయినా ఆమె వాణ్ణి ఎత్తుకోలేదు.