ఓడ నాలుగు, ఊరి మూడు

మా బావమరిదిని ఈ రేవు వీధిలో అందరూ ‘నిమిషం’ అంటారు. ఎవరు ఏమడిగినా కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండా "ఒక్క నిమిషం" అనడం అతని అలవాటు. ముప్పై ఒక్క ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాడు. రేవు కార్యాలయం నెత్తి మీది పెద్ద గడియారం తొమ్మిదేళ్లుగా పదీ ఇరవై దగ్గరే నిలిచిపోయి ఉంది. దాన్ని బాగుచేయించమని నేను పెట్టిన పదకొండు అర్జీల నకళ్లూ, ‘పరిశీలనలో ఉన్నది’ అంటూ వచ్చిన నాలుగు జవాబులూ నా వద్ద భద్రంగా ఉన్నాయి. అధికారులకు సిగ్గు లేకపోయినా ఊరికి వేళ తెలియాలి గనుక, ఆ బాధ్యత ఇతని కొట్టు మోస్తున్నది.

అతనిదొక పద్ధతి. పట్టీ మార్పించుకోవడానికి వచ్చిన గడియారమైనా సరే, వేళ తప్పుగా ఉంటే సరిదిద్ది ఇస్తాడు. ఆ మాట మాత్రం చెప్పడు. "చెబితే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు బావా" అంటాడు.

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి వాన. విహారయాత్రికుల ఓడ ఒకటి రేవులో ఆగింది. ఉత్తరాన దానికి మా ఊరే చివరి మజిలీ. పదకొండున్నరకు ఒక పెద్దావిడ తడిసిన కోటుతో కొట్టులోకి వచ్చింది. మణికట్టున మగవాళ్ల గడియారం, పట్టీని బిగించే పుల్ల ఊడి వేలాడుతున్నది.

"మా ఆయనది బాబూ. ఆయన పోయి రెండేళ్లయింది. ఇది జారిపోకుండా చూడు."

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా. ఒక్కరే దిగారా?"

"మా అక్క ఓడలోనే పడుకుంది. కడుపులో తిప్పుతోందని తల ఎత్తడం లేదు. కాళ్లు చల్లబడుతున్నాయంటే ఉన్ని మేజోళ్లు కొందామని వచ్చాను. నేను పక్కన లేకపోతే మందు కూడా వేసుకోదు, మొండిఘటం."

"అయితే మా ఆవిడకు చుట్టమే" అన్నాను.

"మా అక్కనంటే ఊరుకోను బావా" అన్నాడు నిమిషం, తల ఎత్తకుండానే.

ఆవిడ నవ్వింది. అతను పుల్ల బిగించి ఇచ్చాడు. ఉన్ని దుకాణం కొండవీధిలో ఉందనీ, దాని పక్కనే టీ కొట్టు ఉందనీ దారి చెప్పాడు. "నాలుగింటికల్లా ఓడెక్కాలట. బోలెడు టైముంది, అక్కడే కాసేపు కూర్చుంటాను" అంటూ ఆవిడ వెళ్లింది.

బల్ల మీద ఓడవాళ్ల కరపత్రం మరచిపోయింది, తడిసి ముద్దయి. కాగితాన్ని అలా వదిలేయడం నాకు చేతకాదు. పొడిబట్టల మధ్య పెట్టి ఆరబెట్టాను. రెండూ పదికి తీసి చివరిదాకా చదివాను. అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: ‘ఓడ గడియారములు రేవు వేళ కంటె ఒక గంట ముందుండును. ప్రయాణికులు ఓడ వేళనే పాటించవలెను.’ మనుషుల్ని వదిలేసి పోగల సంగతిని అంత చిన్న అక్షరాల్లో అచ్చువేసిన వాళ్లను ఏమనాలి?

"నిమిషం! ఆవిడ గడియారం ఎంత చూపించింది?"

"గంట ముందుంది బావా. వెనక్కి తిప్పి..."

పట్టకారు అతని చేతిలోంచి జారింది. ఓడ నాలుగంటే మన మూడే.

పని వేళలో ఆ కొట్టు తలుపు మూతపడటం నేనెరుగను. ఆ రోజు పడింది.

"ఆ మోకాలితో కొండెక్కుతావా? నువ్వుండు, నేను వెళతాను" అన్నాను.

"తిప్పింది నేను బావా" అని గొడుగు అందుకున్నాడు. నేనూ వెంట నడిచాను.

టీ కొట్టు కిటికీ పక్కన ఆవిడ మేజోళ్ల పొట్లం ఒళ్లో పెట్టుకుని వాన చూస్తున్నది.

"లేవండమ్మా. మీ గడియారం సరిగ్గానే ఉంది. నేనే చెడగొట్టాను."

"రెండున్నరే కదా బాబూ!"

"ఓడలో మూడున్నర."

"అయ్యో, అక్క!" అంది. అంతే, లేచింది.

దిగేటప్పుడు నేను గొడుగు పట్టాను. నడుస్తూనే ఆవిడ చేయి చాచింది. నడుస్తూనే అతను మర లాగి ముల్లును ఒక గంట ముందుకు తిప్పాడు. తెలిసి తెలిసి ఊరి వేళ కాని వేళ పెట్టడం అతని జన్మలో అదే మొదలు. తిప్పాక రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"బాధపడకు నాయనా. ఆయనా ఇంతే. ఎవరింటికెళ్లినా గోడ గడియారం సరిచేసిగానీ కాఫీ తాగేవారు కాదు" అంది ఆవిడ.

మేము రేవు చేరేసరికి ఆవిడ గడియారంలో నాలుగు నిమిషాలు తక్కువ నాలుగు. కాపలావాడు అప్పటికే ఓడ మెట్లకు అడ్డంగా వేసే గొలుసు పట్టుకుని ఉన్నాడు. ఆవిడ మెట్లెక్కి, పైనుంచి మేజోళ్ల పొట్లం ఎత్తి చూపించింది. ఓడ కనుమరుగయ్యేదాకా మా వాడు వానలోనే నిలబడ్డాడు.

"ఆ అక్క మందు వేసుకుని ఉంటుందంటావా బావా?"

ఇప్పుడతను ప్రతివారినీ అడుగుతున్నాడు: "గంట ముందుంది. తిప్పనా, ఉంచనా?" ఇరవై రోజులకు ఉత్తరం వచ్చింది. మేజోళ్లు అక్కకు సరిపోయాయట. అంతవరకే చదివి వినిపించాడు. ఫైలులో పెడతాను ఇమ్మని అడిగాను.

"ఒక్క నిమిషం బావా" అన్నాడు. నెలన్నరయింది.