వానొచ్చినాక సముద్రం

పోయిన శనివారం సాయంత్రం మా ఆఫీసులో రేడియో చుట్టూ అందరం మూగాం. మరునాడు కుటుంబాలతో సముద్రపు ఒడ్డుకు వెళ్లి, అక్కడే వండుకు తిని, పొద్దు వాలేటప్పటికి తిరిగి రావాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. కోస్తాలో వాన పడే సూచన లేదని రేడియోలో చదవగానే ఒక గుమాస్తా చప్పట్లు కొట్టాడు. మా పెద్ద ఇంజనీరుగారు "హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలారు. నేనూ నవ్వాను గాని చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. వాన లేదంటే సంతోషించే మనుషులను ఈ వైపు బదిలీ మీద వచ్చేదాకా నేను చూడలేదు. మా నాయన ఆ గదిలో ఉండి ఉంటే రేడియోను ఎత్తుకుపోయి వరండాలో పెట్టి, లోపలికి వచ్చి తలుపు వేసేవాడు.

ఇంటికి నడుస్తుంటే మేము మొదటిసారి సముద్రానికి పోవాలనుకున్న ఏడాది గుర్తుకొచ్చింది. మా ఊరు కదిరి దాటి నల్లమాడ వైపు, ఎర్రనేలల్లో ఉంటుంది. అప్పటికి నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి, కదిరిలో రోడ్ల పని మీద ఓవర్సీరుగా కొత్తగా చేరాను. చేతిలో స్కేలు, జేబులో పెన్సిలు, బుర్రలో అన్నిటికీ వరుస సంఖ్యలు. ఇంట్లో కొబ్బరికాయ కొట్టాలన్నా ముందు చేయవలసినవి ఒకటి, రెండు, మూడు అని వేసేవాడిని. ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బుగానే చూశారు గాని, ప్రాణం తీసే జబ్బు కాదు గదా అని ఓర్చుకున్నారు.

ప్రయాణం ఆలోచన అవ్వది, అంటే మా నాయన తల్లిది. ఆమెకు ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికన్నుకు పొర కమ్ముతోందని, కోసి తీయకపోతే ఏడాదిలోపల ఆ చూపూ పోతుందని అనంతపురంలో డాక్టరు చెప్పాడు. కత్తి తగిలినాక అది కన్నెట్లవుతుందని అవ్వ అక్కడే లేచి నిలబడింది. ఆయనా నేనూ ఎంత చెప్పినా వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, చూపు ఉండగానే చూడాలనుకునేది ఏమైనా ఉందా అని అడిగాను. తిరుపతో, అహోబిలమో అంటుందనుకున్నాను.

"సముద్రం చూడల్లప్పా," అంది అవ్వ. "ఎండిపోని నీళ్లు యాడనో ఉండాయంట గదా. అవి ఎట్లుంటాయో ఒగసారి చూడల్ల."

ఆ కోరిక ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే మా ఊరి దిగుడుబావి తెలియాలి. అవ్వ జీవితంలో సగం ఆ మెట్ల మీదే గడిచింది. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు కిందికి పోతాయి, ఒక్కొక్క మెట్టే బయటపడుతుంది. ఏ నెలలో ఎన్నో మెట్టు కనబడిందన్నదాన్ని బట్టి ఆ ఏడు ఎట్లా గడుస్తుందో ఆడవాళ్లు చెప్పగలిగేవాళ్లు. ఆ బావికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి పాదమూ నీటికి తగలకూడదు. ఆఖరి పొడి మెట్టు మీద గొంతుకూర్చుని, వంగి, చెంబుతో బిందె నింపుకోవాలి. కాళ్లు కడుక్కోవాలంటే చెంబుడు నీళ్లు పైకి తెచ్చుకుని, దూరంగా ఉన్న మునగచెట్టు మొదట్లో కడుక్కోవాలి, ఆ నీళ్లు చెట్టుకైనా అందేటట్టు. ఈ కట్టుబాటు తప్పినవాళ్లను తిట్టే పని ఊరు ఎవరికీ అప్పగించలేదు; అవ్వే తీసుకుంది. ఊళ్లో అందరి చిన్నతనమూ ఆ తిట్లు తిన్నదే, మా నాయనదీ నాదీ కూడా.

నేను కాగితం తీశాను. పోయేవాళ్లు నలుగురు: అవ్వ, నాయన, మా ఇంట్లోనే ఉండే మేనత్త, నేను. మద్రాసుకు కదిరిలో రైలెక్కి కాట్పాడిలో మారాలి. మద్రాసులో మా వైపు వర్తకులు కట్టించిన సత్రం ఉంది, మూడు రోజులు డబ్బు తీసుకోకుండా ఉండనిస్తారు. పెద్ద ఖర్చు పెట్టుకునే స్థితి కాదు కాబట్టి తిండి ఇంటినుంచే: జొన్నరొట్టెలు, మేము చెనిక్కాయలనే వేరుశెనగల పొడి, చింతపండు కలిపిన అన్నం, బొరుగులు. అమ్మను కూడా రమ్మన్నాం. ఎనుములకు మేత ఎవరు వేస్తారని ఒక కారణం చెప్పి, అసలు కారణం తర్వాత చెప్పింది. "మీరంతా నాలుగు దినాలు ఇంట్లో లేకుంటే అదే నాకు సముద్రం" అంది.

మేనత్తతోనే ఇబ్బంది వచ్చింది. మద్రాసు నీళ్లు ఉప్పగా ఉంటాయని ఆమెకు ఎవరో చెప్పారు. అందువల్ల మా బావి నీళ్లు రెండు బిందెలు తీసుకుపోవాలని పట్టుబట్టింది. రెండు బిందెల బరువెంతో, వాటిని కాట్పాడిలో ఒక బండినుంచి ఇంకో బండికి మోయడం ఎట్లాగో నేను లెక్కకట్టి వినిపించాను.

"రోడ్లకు కట్టే లెక్కలు నాకు చెప్పద్దు," అంది. "దప్పికయితే నీ కాయితం తాగల్లనా?"

చివరికి మూత ఉన్న ఒక కూజా దగ్గర ఒప్పందం కుదిరింది. కూజాను వరుసలో పదకొండోదిగా చేర్చాను.

ఇక తేదీ. ఆషాఢం వస్తోంది, వేరుశెనగ విత్తే కాలం. వాన పడి నేల పదునైతే రెండు మూడు రోజుల్లో విత్తనం పడిపోవాలి. పదును ఆరిందంటే మళ్లీ వాన దాకా ఆగాల్సిందే. అందుకని నేను రెండు దారులు రాసి, అరుగు మీద కూర్చున్న నాయనకు చదివి వినిపించాను. మొదటిది, వాన వస్తే విత్తనం అయినాక పోవడం. రెండోది "వాన రాకుంటే" అని మొదలైంది. అక్కడే నాయన చెయ్యి ఎత్తాడు.

"ఆ మాట కొట్టేయి," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ నెలలో నా ఇంట్లో ఆ మాట నోటితో అనేది లేదు, రాసేది లేదు."

మా వైపు అది అందరికీ తెలిసిన సంగతే. విత్తే నెలలో "రాకుంటే" అనే మాట ఎవరూ అనరు, "వచ్చినాక" అంటారు. పెళ్లి మాటలైనా, కొట్టం కప్పడమైనా వానొచ్చినాకే. చదువుకుని వచ్చిన నేను దాన్ని మరచిపోయాను. రెండో దారి కొట్టేస్తే మిగిలింది ఒకటే, దానికి తేదీ లేదు. తేదీ లేకుండా సెలవు ఎట్లా అడగాలో నాకు తెలియలేదు. భయపడుతూనే మా సూపర్వైజరు ముందు నిలబడి సంగతి చెప్పాను. ఆయన ధర్మవరం వైపు మనిషి. అర్జీ తీసుకుని, తేదీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండగానే సంతకం చేశాడు. "ఏమప్పా, నాకూ చేనుండాది," అన్నాడు. "వానొచ్చినాక నువ్వే ఏస్కో."

కాని వాన రాలేదు. పొద్దున మబ్బులు కమ్మేవి, మధ్యాహ్నానికి గాలి వాటిని తూర్పుకు తోలుకుపోయేది. విత్తే గొర్రుకు కొత్త తాళ్లు కట్టి, విత్తనాలు వలిచి సంచుల్లో పెట్టుకుని ఊరంతా ఎదురుచూస్తోంది. నేను ప్రతి ఆదివారం ఇంటికి పోయేసరికి అవ్వ అరుగు మీద పడమటి దిక్కుకు తిరిగి కూర్చుని ఉండేది. ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పైకి చూపింది.

"ఆ తెల్లంగా కనపడేది మేగమా, నా కంటి పొరనా?"

ఆకాశం ఖాళీగా ఉంది. నేను మేఘమేనన్నాను. "అయితే వస్తుందిలే," అంది. ఆ మాట లోపలినుంచి నాయన విన్నాడని మరుసటి ఆదివారం గాని నాకు తెలియలేదు. ఆ రోజు ఆయనే నన్ను పిలిచి, రైలు ఎన్నింటికని అడిగాడు.

"మాయమ్మ కన్ను మన కోసరం ఆగదు. వాన వచ్చేలోపల పోయొద్దాం" అన్నాడు.

ఆ మాటను అంత జాగ్రత్తగా ఎంచుకోవడానికి ఆయనకు వారం పట్టి ఉంటుంది. అందులో ఎక్కడా "రాకుంటే" లేదు. నేను తేదీ వేసుకున్నాను. మేనత్త రొట్టెలు కాల్చింది, అన్నం కలిపింది, కూజా తోమి నింపింది. నా కాగితంలో ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూటలయ్యాయి. బయలుదేరే పొద్దున నాయన చలువ చొక్కా వేసుకుని ఎద్దులను బండికి కట్టాడు. అవ్వను ఎత్తి బండిలో కూర్చోబెట్టాం. బండి ఊరు దాటక ముందే, ఎక్కడ దాక్కుని ఉందో గాని, వాన దిగింది. నాలుగు చినుకులు పడి ఆగే రకం కాదు. చూరునీళ్లు ధారకట్టే వాన. నాయన పగ్గం పట్టుకుని, తడుస్తూ, బండి దిగకుండా నిలబడిపోయాడు. ఒకసారి చేను వైపు చూశాడు, ఒకసారి అవ్వ వైపు చూశాడు. ఆయన ముఖంలో అంత సంతోషమూ అంత దిగులూ ఒకేసారి నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. అవ్వ చేతులు బయటికి చాపి, దోసిట్లో పడిన నీళ్లు ముఖానికి పూసుకుంది.

"బండి తిప్పురా," అంది. "సముద్రం యాడికి పోతాది? నిన్నా ఆన్నే ఉండె, రేపూ ఆన్నే ఉంటాది. వాన నిలుస్తుందా మన కోసరం?"

మరునాడు నేల పదునుకు వచ్చింది. బండికి కట్టిన ఎద్దులనే గొర్రుకు కట్టారు. మద్రాసుకు మూటకట్టిన రొట్టెలు, పొడి, బొరుగులు అన్నీ చేనుకు చేరాయి. చింతపండు అన్నాన్ని ఇరుగుపొరుగు చేలవాళ్లు కూడా గట్టు మీద కూర్చుని తిన్నారు. సెలవు ఎట్లాగూ పెట్టాను కాబట్టి నేనూ గొర్రు వెనక నడిచాను. సాలు వంకర పోతోందని మా నాయన, ఇట్లే వేస్తావా రోడ్లు అని పక్క చేను మామ, నన్ను రోజంతా నవ్వులాటకు పెట్టుకున్నారు. అవ్వ గట్టు మీద కూర్చుని కూజాలో నీళ్లు అందరికీ పోసింది.

చేను మొలకెత్తిన వారంలో మళ్లీ బయలుదేరాం. మళ్లీ రొట్టెలు, మళ్లీ కూజా. సూపర్వైజరు రెండో అర్జీ కూడా చదవకుండానే సంతకం పెట్టాడు. మద్రాసులో సత్రంలో మూటలు దించి, పొద్దు వంగినాక సముద్రానికి నడిచాం. ఇంకా కనబడకముందే అవ్వ ఆగి, ఆ చప్పుడు గాలిదా అని అడిగింది. నీళ్లదని చెప్పాను. నా చెయ్యి వదిలి, ఇసుకలో తానే నడిచింది. అలలకు కొంచెం ఇవతల నిలబడి, కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా తల తిప్పింది. కనబడుతోందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. తానే అంది: "గట్టే లేదు గదరా దీనికి."

తర్వాత ఆమె కంట్లో పడింది నీళ్లలో దిగిన జనం. పిల్లలు, పెద్దలు, ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు పట్టుకుని మోకాళ్ల దాకా దిగి నవ్వుతున్నారు. అవ్వ ఊరుకోలేదు. "ఏమప్పా, నీళ్లలో కాళ్లు పెడతారా? తాగేవాళ్లు మనుషులు గారా?" అని మొదలుపెట్టింది. వాళ్లకు తెలుగు రాకపోవడం మా అదృష్టం. మేనత్త వేలు ముంచి నాకి, ఉప్పని తేల్చుకుని, చెప్పలేదా అన్నట్టు నా వైపు చూసి కూజా మూత తీసింది. అవ్వ మాత్రం అవేవీ పట్టించుకోలేదు. మా బావి మెట్టు మీద కూర్చున్నట్టే తడి ఇసుక అంచున గొంతుకూర్చుని, వంగి, చెంబు నింపుకుంది. లేచి, వెనక్కి దూరంగా, పొడి ఇసుక దాకా వచ్చింది. నాయన కూడా ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. అవ్వ చెంబు వంచి కాళ్లు కడుక్కుంటుండగా ఒక పెద్ద అల లేచి, మిగతా అలలు ఆగిన చోటు దాటి, ఆమె ఉన్న చోటికే వచ్చి రెండు పాదాలనూ ముంచింది.

అవ్వ చెంబు పట్టుకుని కదలకుండా నిలబడింది. తర్వాత నవ్వింది. చిన్నపిల్ల నవ్వినట్టు, నోట్లో పళ్లు లేవన్న సంగతి మరచి నవ్వింది.

"నేను పోలేదు రా," అంది నాయనతో. "అదే వచ్చి కడుగుతాండాది."

ఆ చలికాలం దాటేసరికి ఆమె చూపు పోయింది. ఇప్పటికీ అరుగు మీద కూర్చుని, సముద్రం ఎట్లుంటుందని పిల్లలు అడిగితే గట్టు లేదని మొదలుపెట్టి చెబుతుంది. మొన్న ఆదివారం మా ఆఫీసువాళ్లంతా నీళ్లలోకి పరుగెత్తారు. నేను చెప్పులు విడిచి తడి ఇసుక ఇవతలే నిలబడ్డాను. అల వచ్చేదాకా ఆగాను, వచ్చింది. మేము మద్రాసు పోయింది ఏ తేదీనో చెప్పమంటే, అన్నిటికీ సంఖ్యలు వేసుకునే నేను ఈ రోజు చెప్పలేను. మా చేలో వేరుశెనగ మొలకెత్తి మొదటి ఆకులు విప్పుకున్న వారమని మాత్రం ఎన్నేళ్లయినా మరచిపోను.