నాయన తడిమిన జేబు

మా నాయన ఉద్యోగం మనుషుల్ని తడమడం. ఇట్లా చెబితే జనం నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఇల్లందు దగ్గర బొగ్గు బాయిలో ఏళ్ల తరబడి దిగి ఎక్కిన మనిషి. ఒకనాడు కాలి మీద బండ పడింది. అప్పటి నుంచి ఆయన్ని పైనే ఉంచారు. బాయి లోపల గ్యాసు ఉంటుంది, ఒక్క అగ్గిపుల్ల చాలు. అందుకని దిగబోయే ప్రతి మనిషినీ ఆపి, చేతులెత్తించి, చంకల నుంచి చీలమండల దాకా తడిమి చూడాలి. బీడీలు, అగ్గిపెట్టె దొరికితే తీసి పక్కన పెట్టాలి. మనిషి షిఫ్టు ముగించి పైకొచ్చాక ఎవరివి వారికి ఇవ్వాలి. నాయనకు నిప్పులాంటి మనిషని పేరు. నిప్పులాంటి మనిషిని నిప్పును ఆపే పనిలో పెట్టిన అధికారికి హాస్యం తెలిసే ఉంటుంది.

పొద్దంతా వందల ఒళ్లు తడిమి వచ్చిన ఆ చేతులు ఇంట్లో మాత్రం ఎవరినీ తాకేవి కావు. నన్ను ఎప్పుడైనా ఎత్తుకున్నాడా అంటే, ఎత్తుకునే ఉంటాడు, నాకు గుర్తు లేదు. నేను రసాయన శాస్త్రంలో డిగ్రీ చేసి ఖమ్మంలో గుమాస్తాగా కుదిరాక మా మధ్య మాటలు కూడా తగ్గాయి. "తిన్నవా?" అంటాడు. "తిన్న" అంటాను. మిగతాది అమ్మ మాట్లాడేది.

ఎనభైల చివర్లో నేనొక పాత కారు కొన్నాను. చూపించడానికి ఇంటికి తెస్తే నాయన దాని చుట్టూ ఒకసారి కుంటుతూ తిరిగి, "మంచిగ నల్లగున్నది" అన్నాడు. కారు తెల్లది. ఆయన మెచ్చుకున్నది టైర్లను.

కారు గురించి ఆయన నోట ఒక్క మంచి మాట వినాలని అప్పుడు పట్టింది నాకు పిచ్చి. ఆ ఎండాకాలం అమ్మను, ఆయన్ని భద్రాచలం తీసుకుపోతానన్నాను. దారిలో ములకలపల్లి వైపు తిరిగి, అక్కడి పల్లెలో ఉండే చిన్నమ్మను కూడా ఎక్కించుకుందామన్నాను. కారులో మనుషులు ఎక్కువైతే మెచ్చుకోళ్లూ ఎక్కువవుతాయని ఆశ.

నాయన ముందు సీట్లో కూర్చుని, బాయిలోకి దిగుతున్నట్టు ముందున్న డ్యాష్‌బోర్డు చెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. చిన్నమ్మ ఎక్కుతూనే అది కనిపెట్టింది. "ఏంది బావా, గింత పెద్ద కారుల గట్ల ముడుచుకొని కూసున్నవ్?"

"కారు పెద్దదే. నమ్మకమే చిన్నది" అన్నాడు నాయన.

చిన్నమ్మతో పాటు రెండు మూటల మాసిన బట్టలు, ఒక బట్టల సబ్బు కట్టె కూడా ఎక్కాయి. పుణ్యం ఎట్లాగూ వస్తుంది, పనిలో పనిగా గోదావరిలో దుప్పట్లు కూడా ఉతుక్కోవాలని ఆమె లెక్క.

బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. అడవిలో దారికి రెండు వైపులా మోకాలి లోతు ఎండుటాకులు. ఒక మలుపులో కారు అడుగున రాయి తగిలి ధన్‌మని మోగింది. నేను వినిపించనట్టే నడిపాను. కాసేపటికి వెనక నుంచి అమ్మ, "కిరసనాయిలు వాసనొస్తున్నదిరా" అంది.

"పెట్రోలమ్మా. కార్లకు గా వాసన ఉంటది" అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా.

నాయన ఒకే మాట అన్నాడు. "ఆపు."

ఆపి దిగాను. కారు కింద చీకటి. ఎక్కడో టిప్పు టిప్పుమని చుక్కలు పడుతున్నాయి, ఎక్కడి నుంచో కనబడదు. నేల మీద బోర్లా పడుకుని చూశాను. ఎండలోంచి నీడలోకి చూస్తే ఏం కనిపిస్తుంది? నా చెయ్యి తనంతట తానే ప్యాంటు జేబులోకి పోయింది. అక్కడ అగ్గిపెట్టె ఉంది. దాని పక్కన, ఇంట్లో ఎవరికీ తెలియని సిగరెట్ల పెట్టె ఉంది.

చెయ్యి సగంలో ఆగింది. పెట్రోలు ఆవిరి నిప్పుతో కలిస్తే ఏమవుతుందో మూడేళ్లు చదివాను. పరీక్షలో ఆ ప్రశ్నకు బాగానే రాశాను కూడా. అది గుర్తొచ్చి ఆగలేదు. పుల్ల గీస్తే, "అగ్గిపెట్టె ఎక్కడిదిరా?" అని నాయన అడుగుతాడని ఆగింది. ఆ రోజు నలుగురి ప్రాణాలు కాపాడింది డిగ్రీ కాదు, నాయనంటే భయం.

"ఇంజన్ బందు పెట్టినవా?" పైనుంచి నాయన గొంతు.

"పెట్టిన."

"ఎండుటాకుల మీద నిలబెట్టినవ్. పొయ్యి మీద కుండ పెట్టినట్టు. గా పొగగొట్టం చూడు, ఎట్ల కాలుతున్నదో. అందరు దిగుండ్రి, నూకుండ్రి."

నలుగురం కలిసి ఆకులు లేని ఎర్రమట్టి జాగా మీదికి కారును తోశాం. నాయన కుంటికాలితోనే ఎక్కువ తోశాడు. పెట్రోలు పడిన చోటల్లా దోసిళ్లతో మట్టి కప్పాడు. తర్వాత మమ్మల్ని కారుకు దూరంగా తీసుకుపోయి, భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి, మా ఎదురుగా నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు తెలుసు. చిన్నప్పుడు బాయి దగ్గరికి సద్ది తీసుకుపోయినప్పుడు చూసేవాణ్ణి.

"ఎవరెవరి దగ్గర ఏమున్నయో గీ తువ్వాలల వేయుండ్రి."

ఆడవాళ్లను తాకలేదు, సంచులు దులపమన్నాడు. అమ్మ సంచిలో కర్పూరం, అగరుబత్తీలు, అగ్గిపెట్టె బయటపడ్డాయి.

"దేవుని దగ్గరికి పోతున్నమయ్యా. కర్పూరం గుంజుకుంటవా?"

"గిప్పుడు ముట్టిచ్చినా దేవుని దగ్గరికే పోతమే. ఇంకా జల్దీ పోతం."

చిన్నమ్మ సంచిలో ఏమీ లేదు. నాయన చూస్తూనే ఉన్నాడు. ఆమె అటు తిరిగి, నడుము దగ్గర కొంగులోంచి ఒక చుట్ట తీసి తువ్వాల్లో పడేసింది. "పంటినొప్పికి బావా, మందు."

"అవ్. బాయి కాడ అందరికి పంటినొప్పే ఉండె."

ఇక నేను. "చేతులెత్తు" అన్నాడు.

ఎత్తాను. అరచేతులు భుజాల మీద పడ్డాయి. చంకల కిందికి, పక్కటెముకల మీదికి, నడుము దాకా నెమ్మదిగా వచ్చాయి. గరుకు చేతులు, కానీ ఏదీ గుచ్చుకోని గరుకు. దొరికిపోతానని గుండె కొట్టుకుంటూనే ఉంది. అయినా ఇంకాసేపు తడమాలనీ ఉంది. ఆ రెండూ ఒకే ఒంట్లో ఎట్లా పట్టాయో నాకు ఇప్పటికీ తెలియదు. కుడి జేబు దగ్గర చెయ్యి ఆగింది. రెండూ తీశాడు. నా ముఖం వైపు చూడలేదు. సిగరెట్ల పెట్టెను అమ్మ కర్పూరం పక్కన పెట్టి, తువ్వాలు మూట కట్టి, దూరంగా ఒక కొమ్మకు తగిలించి వచ్చాడు. అమ్మ ఏదో అనబోతే, "ఊకో" అన్నాడు.

తునికాకు లారీ ఒకటి వస్తుంటే నాయన రెండు చేతులూ ఊపుతూ దూరంలోనే ఆపేశాడు. డ్రైవరు నోట్లో బీడీ. దాన్ని లారీ దగ్గరే నలిపించి, అతని జేబులు కూడా తడిమి గానీ కారు దగ్గరికి రానివ్వలేదు.

"పోలీసోళ్లు సుత గిట్ల ఎతకరు తాతా" అన్నాడతను నవ్వుతూ. కారు కిందికి దూరి అటూ ఇటూ తడిమి, "టాంకి అతుకు కాడ పగిలింది సారూ. బట్టల సబ్బు ఉన్నదా?" అని అరిచాడు.

చిన్నమ్మ అంత గర్వంగా ఏ వస్తువూ ఇవ్వగా నేను చూడలేదు. అతను సబ్బును తడిపి, పిండిలా పిసికి, పగులు మీద అదిమి పట్టాడు. చుక్కలు ఆగాయి.

"గుంతలల్ల దుంకియ్యకుండ మెల్లగ పోండ్రి. భద్రాచలంల మెకానిక్‌తోని టాంకి దింపియ్యాలె. సబ్బు గడియకే సారూ, గదే మరమ్మతు అనుకోకుండ్రి."

వాసన పూర్తిగా పోయేదాకా నాయన ఎవర్నీ ఎక్కనివ్వలేదు. ఎక్కాక ముందున్న చెక్కను పట్టుకోలేదు. మూట ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు. భద్రాచలం దాకా సిగరెట్ల మీద ఆయన అడుగుతాడనుకున్న ప్రశ్నలన్నిటికీ జవాబులు తయారు చేసుకున్నాను. ఆయన ఒక్కటీ అడగలేదు.

మెకానిక్ టాంకి దింపి అతికేసరికి సాయంత్రమైంది. గోదావరి ఒడ్డున చిన్నమ్మ మిగిలిన సబ్బుతో దుప్పట్లు ఉతుకుతోంది. నాయన తువ్వాలు విప్పాడు. "షిఫ్టు అయిపోయింది" అన్నాడు. కర్పూరం అమ్మకు, చుట్ట చిన్నమ్మకు ఇచ్చాడు. సిగరెట్ల పెట్టెను నా చేతికివ్వలేదు. తనే నా చొక్కా జేబులో పెట్టి, పైనుంచి అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"బండి మంచిదేరా. జేబే మంచిగ లేదు."

నేను కోరుకున్న మాట వచ్చింది. తోక పెట్టుకుని వచ్చింది.

ఆయన పోయాక నెల తిరక్కుండానే సిగరెట్లు మానేశాను. పెద్ద నిశ్చయమేమీ కాదు. ఎవరి నుంచి దాచుకోవాలో ఆ మనిషే లేకపోయాక వాటిలో రుచి పోయింది.

ఇప్పుడు పెద్ద దుకాణాల ముందు, స్టేషన్లలో కాపలావాళ్లు చేతులెత్తమంటారు. వెనకవాళ్లు విసుక్కునేంత నిదానంగా ఎత్తుతాను. అరచేతులు భుజాల మీద పడి, పక్కల నుంచి కిందికి వస్తాయి. కుడి జేబు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబడతాను. జేబులో ఏమీ ఉండదు. చెయ్యి ఆగదు.

"పదండి సార్" అంటాడు ఆ కుర్రాడు.