నాన్న ‘ఆగు’ అన్నప్పుడు

రంగూన్‌లో తిరుగుబాటు జరిగి, బజార్లన్నీ మూతపడిన రోజులవి. నాకు ఇరవయ్యేళ్లు. మాంసం కోసం నాన్న, బావ, నేను ఇన్సేన్ దాటి జింక వేటకు వెళ్లాం. జింకను అదిలించడానికి బావ పొదల వెనక్కి వెళ్లాడు. అది బయటికి రాగానే తుపాకి ఎత్తాను.

“ఆగు!” అన్నాడు నాన్న.

పేల్చాను. జింక పారిపోయింది. బావ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

“ఆగమంటే పేల్చీసినావేటిరా!”

“బర్మా మాటనుకున్నా నాన్నా.” బర్మాలో ‘అగు’ అంటే ‘ఇప్పుడు’.

తుపాకి గాయంతో ఆసుపత్రికి వెళ్తే తిరుగుబాటుదారుడని జైల్లో వేస్తారు. అందుకే ఇంట్లోనే కట్టుకట్టాం. ఆ కాలు మళ్లీ వంగలేదు.

“మా బామ్మర్దికి తెలుగు రాక నా కాలు పోనాది” అని బావ అందరికీ చెప్పి నవ్వేవాడు.

మొన్న ఆయన్ని సమాధి చేసి వచ్చాం. ఆ రోజు నాకు వినిపించింది తెలుగే. జింక తప్పించుకుపోతుందని పేల్చాను.