హేమలత తరగతిలో పెరిగిన వేగం

వర్తూరులో మా ఇంటి పక్కన అపార్ట్‌మెంటు కడుతున్నారు. సాయంత్రం ఐదింటికి పని ఆగగానే కూలీల పిల్లలు ఖాళీ పెయింటు డబ్బాల మీద దరువు మొదలుపెడతారు. ఆ చప్పుడు చెవిన పడినప్పుడల్లా నాకు హేమలత గుర్తుకు వస్తుంది. వెంటనే పాత అసూయ కూడా.

అప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. వారమంతా సంగీతంలో ఎం.ఏ. తరగతులు, శనివారాలు మృదంగ కచేరీలు, ఆదివారం ఉదయం ఇలాంటి పిల్లలకు పాఠం. అప్పటికే ముప్పై ఒక్క సంవత్సరాలుగా మృదంగం నేర్పుతున్న నా ఇంటికి రెండు వీధుల అవతలే ఆ తరగతి. నా దగ్గర తొలి పాఠాలన్నీ వేగం కొలిచే మెట్రోనోమ్‌కు కట్టుబడే సాగేవి. ఆమె మాత్రం పిల్లలచేత డబ్బాల మీదే వాళ్ళ ఊరి జాతర డప్పు వాయింపించి, ఆ దరువులోంచే తాళం చూపించేది.

నా శిష్యులలో అందరికన్నా చేయి తిరిగిన చరణ్ ఒకనాడు, "సార్, ఇంక ఆదివారాలు అక్క దగ్గరికి పోతా" అన్నాడు.

"నా దగ్గర లేనిది అక్కడేముంది?"

"ఆడ నవ్వొచ్చు సార్."

ఆ ఆదివారం మెట్రోనోమ్ జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆమె తప్పును అంకెతో నిరూపిస్తే చరణ్ తిరిగి వస్తాడని నా లెక్క. నిమిషానికి ఎనభై దెబ్బలతో ఎత్తుకున్న దరువు కాసేపటికే నూట పదికి చేరింది. యంత్రాన్ని ఆమె ముందు పెట్టాను.

"పరుగెత్తుతున్నారు, చూశావా?"

"తెలుసు సార్. దేవర ముందర నడిచేకొద్దీ డప్పు జోరు కావల్ల. ముందు అది రానీండి, నిలపడం తర్వాత నేర్పుతా. మీ మాదిరి తాళం వేసేవాళ్ళు ఈడ ఎవరుండారు? ఒకసారి మీరే వేయండి."

ఎనభై దాటనివ్వకూడదని చేయి బిగించి కూర్చున్నాను. డబ్బాలు మోగాయి. పట్టు ఎక్కడ సడలిందో తెలియదు. పిల్లలు ఆపేసరికి నా చేయీ వాళ్ళ వేగంలోనే ఉంది. పక్కన మెట్రోనోమ్ ఎనభైలోనే టిక్కుటిక్కుమంటోంది. చరణ్ నన్ను చూసి నవ్వాడు. మా ఇంట్లో అతడు అలా నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

అతడు తిరిగి రాలేదు. హేమలత చదువు ముగించుకుని మైసూరులో అధ్యాపకురాలైంది. ఇప్పుడు ఆ డబ్బాలు మోగితే నా అరచేయి దానంతట అదే మోకాలి మీద తాళం వేస్తుంది. పిల్లలు వేగం పెంచితే తానూ పెంచుతుంది. యంత్రం సొరుగులోనే ఉంటుంది.

చరణ్ ఈమధ్య కచేరీలు చేస్తున్నాడు. కనిపిస్తే కాళ్ళకు దండం పెట్టి "సార్" అంటాడు. ఆమె మాట వస్తే మాత్రం "మా అక్క" అంటాడు. ఆ "మా" నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.